పోగును పిలిచిన గొంతు

మా బావ ముఖం నాకు సరిగా తెలియదు.

దినాలయ్యాక ఆయన పటం రాయించాలని మా ఆయన హిందూపురం నుంచి ఒక చిత్రకారుణ్ణి పిలిపించాడు. ఫోటో లేదు. బావ ఎన్నడూ తీయించుకోలేదు. చిత్రకారుడు అరుగు మీద కాగితం పరుచుకుని, ముక్కు ఎట్లా ఉండేదని అడిగాడు. మా ఆయన ఒకటి చెప్పాడు. ఎదురింటి పెద్దాయన ఇంకోటి చెప్పాడు. వాళ్లిద్దరికీ కుదరక చివరికి నన్ను అడిగారు. ఒకే ఇంట్లో, ఒకే కుండలో సంగటి తిని ఇన్నేళ్లు బతికినదాన్ని, నాకు తెలిసే ఉంటుందని వాళ్ల నమ్మకం. ఆయన మడమల పగుళ్లు చెప్పగలను. తలగుడ్డ కొస భుజం మీద ఎక్కడిదాకా వేలాడేదో చెప్పగలను. ముక్కు చెప్పలేకపోయాను. పటం ఆలోచన మానుకున్నాం.

మా ఇళ్లల్లో భర్త అన్న మామతో సమానం. తమ్ముడి భార్య ఆయన ఎదుట పడకూడదు. ఆయన వస్తున్నాడంటే తలుపు చాటుకు తప్పుకోవాలి. నేరుగా మాట్లాడకూడదు, ఆయనా మాట్లాడడు. తప్పనిసరిగా ఏదైనా చెప్పాల్సి వస్తే ఇంకెవరితోనో అంటున్నట్టు అనాలి. ఎవరూ లేకపోతే గోడతో అనాలి. "నీళ్లు కాగినాయి" అని నేను గడపతో చెప్పేదాన్ని. ఆయన లేచి స్నానానికి పోయేవాడు. ఇది అప్పట్లో నాకు వింతగా తోచలేదు. ఇప్పుడు రాస్తుంటే తోస్తున్నది.

కాబట్టి ఆయన నాకు ప్రధానంగా ఒక గొంతు. ఆ గొంతు ఉరుములా ఉండేదని రాయవచ్చు. కానీ మా ధర్మవరంలో ఉరుము అంత తరచుగా వినపడదు.

ఆయన ఎవరినీ ఊరికే పిలిచేవాడు కాదు. పిలుపు, తిట్టు ఒకేసారి వచ్చేవి. భార్యను పేరుతో పిలవడం ఎవరూ చెయ్యరు గనుక "ఏయ్!" అనేవాడు. ఒక్క ఊపిరి తీసుకునేంత వ్యవధి. ఆ వెంటనే "యాడ సచ్చినావు?" అనేవాడు. ఇంకా ఎవరూ రాకపోతే, "ఈ ఇంట్లో మనుషులుండారా, రాళ్లుండాయా?" అని అడిగేవాడు. కూలికి వచ్చే నేతగాళ్లను పిలిచినా అంతే. తమ్ముణ్ణి పిలిచినా అంతే. ఎంత పరుగెత్తి పోయినా, ఆలస్యమైనందుకు పడవలసిన తిట్లు అప్పటికే పడిపోయి ఉండేవి. అందుకని ఆ ఇంట్లో ఎవరూ పరుగెత్తేవాళ్లు కాదు.

ఆయన భార్య, నా తోడికోడలు, నేను అక్క అనేదాన్ని. రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ ఉండేది. బావ పిలుపు వినపడగానే "వస్తాండా" అనేది. అని కూర్చునే ఉండేది. చేతిలో కండె పూర్తిగా చుట్టి, దారం తుంచి, కొస నొక్కి, గంపలో వేసి అప్పుడు లేచేది. ఇస్తరాకులు కుడుతుంటే ఆఖరి పుల్ల గుచ్చి లేచేది. సగం పని వదిలి లేవడం నేను చూడలేదు.

నేను కొత్తలో భయపడి, "అక్కా, బావ పిలుస్తాండాడు" అనేదాన్ని.

"ఇనపడింది పాపా. బిరబిరా పోయినా తిట్టే, మెల్లగా పోయినా తిట్టే. ఈ కండె అన్నా అయితాది."

నేను ఆ ఇంటికి హిందూపురం నుంచి వచ్చాను. మా నాయన మగ్గం వదిలి బడిపంతులైనవాడు. మా ఇంట్లో తెలుగు పుస్తకాలూ కన్నడ పుస్తకాలూ ఒకే అలమరలో ఉండేవి, మనుషుల మధ్య మాటలు తక్కువగా ఉండేవి. అరుపులు వినడం నాకు అలవాటు లేదు. అందుకేనేమో ఆ గొంతులో ఉన్న ఇంకో సంగతి నాకు తొందరగా పట్టుబడింది.

వంటింటికీ మగ్గం గదికీ ఒకటే గోడ. ఒకే దీపం రెండు గదులకూ వెలుగిచ్చేట్టు ఆ గోడలో ఇటూ అటూ తెరిచిన గూడు ఒకటి ఉండేది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు సంగటి కెలుకుతుంటే, ఆ గూట్లోంచి ఎవరో పసిబిడ్డను బుజ్జగిస్తున్న మాటలు వినపడ్డాయి.

"రా తల్లీ, రా. ఇట్ల రా. ఏం గాలేదులే."

మగ గొంతు. మెత్తగా, పక్కవాళ్ల నిద్ర చెడగొట్టకూడదన్నట్టు ఉంది. ఆ ఇంట్లో పసిబిడ్డ లేదు. అక్కకు పిల్లలు లేరు, నాకు అప్పటికి కలగలేదు.

"అక్కా, మగ్గం కాడ ఎవురిదో బిడ్డుండాది" అన్నాను.

"బిడ్డ కాదు పాపా. పోగు తెగినట్లుండాది" అంది అక్క, తల ఎత్తకుండా.

మగ్గం మీద నిలువుగా సాగే పడుగులో ఒక పోగు తెగితే దాని కొస వెనక్కి జారి వేల పోగుల్లో కలిసిపోతుంది. దాన్ని వెతికి, వేళ్లతో మెల్లగా ముందుకు తెచ్చి, ముడి వెయ్యాలి. విసుగుతో లాగితే పక్క పోగులు కూడా తెగుతాయి. పట్టు దగ్గర కోపం పనికిరాదని వాళ్ల నాయన చిన్నప్పుడే నేర్పాడట. ఆయన నేర్చుకున్నాడు. పట్టుకు మాత్రమే నేర్చుకున్నాడు. కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంటలోంచి పైకి వచ్చి చెప్పులు వేసుకోగానే మళ్లీ పాత గొంతు.

ఆయన్ను గురించి ఇంత వివరంగా నాకు గుర్తుండటానికి కారణం ఒక కుక్క.

అక్క పుట్టిల్లు పెనుకొండ. కోటకొండ కింద రాతి మిద్దె. ఆమె తల్లి అక్కడ ఒంటరిగా ఉండేది. యుద్ధం రావడానికి కొంచెం ముందు ఆ ముసలామె పోయింది. కర్మలు ముగించి, ఇంటికి తాళం వేసి, అక్క రైల్లో తిరిగి వచ్చింది. తల్లి చీరలు తెచ్చుకోలేదు, పాత్రలు తెచ్చుకోలేదు. ముసలామె పెంచిన కుక్క ఈనిన పిల్లను ఒకదాన్ని కొంగు కింద పెట్టుకుని వచ్చింది. నుదుటి మీద తెల్లటి చుక్క.

"దీన్నెవరు తెమ్మనిరి?" అని అరిచాడు బావ, గడపలోనే.

అక్క దాన్ని ఎత్తుకునే లోపలికి పోయింది. ఆయన ఆ ప్రశ్న మళ్లీ వెయ్యలేదు. ఆయన ఒప్పుకోవడమంటే అదే.

దానికి సుక్కడు అని పేరు పెట్టాం. పెరిగేకొద్దీ దాని కాళ్లు నిలవలేదు. పందుల వెంట, కాకుల వెంట, జట్కా చక్రాల వెంట పరుగెత్తేది. ఏమీ దొరక్కపోతే తన నీడనే తరిమేది. బెంగుళూరు బండి కూత వినపడితే స్టేషను దాకా పోయి చూసి వచ్చేది. ఎవరినీ కరిచింది లేదు. దాని ఆనందమంతా పరుగులోనే ఉండేది. మామూలు వీధిలో అయితే ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. మాది నేతవాళ్ల వీధి.

మగ్గానికి ఎక్కించే ముందు పట్టు పడుగును వీధి పొడుగునా చాపుతారు. పొద్దున ఎండ ముదరకముందే పని మొదలుపెట్టాలి. నడుము ఎత్తున కర్రల మీద ఆనించి, రెండు కొసలా బిగబట్టి, పల్చటి గంజినీళ్లు చల్లి, తెగిన పోగులు ముడివేస్తారు. ఒక్క ఇంటివాళ్లతో అయ్యే పని కాదది. ఎవరి పడుగు చాపినా వీధిలోని ప్రతి ఇంటి నుంచీ ఒక మనిషి వచ్చి పట్టుకుంటాడు. అడగనక్కర లేదు. దానికి కూలి లేదు, కృతజ్ఞతలు లేవు. రేపు వాళ్ల పడుగుకు మనం పోతాం, అంతే.

ఒక పొద్దున ఎదురింటి పెద్దాయన పడుగు చాపి ఉండగా సుక్కడు పందిపిల్ల వెంటపడి అడ్డంగా దూకింది. మధ్య కర్ర పడింది. గంజి తడి ఆరని పట్టు మట్టిలో పొర్లింది. వీధి వీధంతా ఆ పూట కూర్చుని చిక్కు తీసింది. బావ కూడా కూర్చున్నాడు. చిక్కు తీస్తున్నంతసేపూ ఆయన ఒక్క మాట మాట్లాడలేదు, పట్టు చేతిలో ఉంది గనుక.

అప్పటినుంచి వీధిలో ఎవరు పడుగు తీసినా ముందు "సుక్కా! సుక్కా!" అని నాలుగు వైపుల నుంచీ కేకలు వేసేవాళ్లు. దాన్ని పిలిచి కట్టెయ్యాలని వాళ్ల జాగ్రత్త. కుక్క లెక్క వేరు. తన పేరు గట్టిగా వినపడితే ఆట మొదలైందని దానికి అర్థం. పిలిచేకొద్దీ దూరం పరుగెత్తేది. బావ గొంతుకైతే ఇంకా హుషారు. దొరికినప్పుడు దెబ్బ, తర్వాత తాడు. తాడును అది మధ్యాహ్నానికి కొరికేసేది.

రెండోసారి ఇంకొకరి పడుగు కింద దూరి కర్రలు కదిలించాక పెద్దాయన మా అరుగు మీదికి వచ్చాడు. నేనూ అక్కా తలుపు వెనక నిలబడి ఉన్నాం. కుక్క మా దగ్గరే ఉంది.

"చూడబ్బా" అన్నాడు పెద్దాయన. "కుక్క మీద ఎవురికీ కోపం లేదు. తాడేస్తే కొరుకుతాది. తలుపేస్తే గోడ దూకుతాది. పిలిస్తే వచ్చే కుక్కయితే ఉండనీ. లేదంటే మీ పడుగుకు మా ఇండ్ల నుంచి ఒక్క చెయ్యీ రాదు."

"రాకుంటే పోండి! నేను చావనులే!"

"చావవు. పడుగు గూడా చాపవు. ఒంటిచేత్తో పడుగు చాపినోడు యాడన్నా ఉండాడా?" పెద్దాయన నవ్వాడు. "సంతకొచ్చే ఆమడగూరు బండ్లుండాయి. దాంట్లో ఏసి పంపు. శేనికాడ కావిలుంటాది. మంచి కుక్కే."

పెండ్లి చీరల పడుగు ఒకటి అప్పటికే ఆసు మీద పోగులు లెక్క పోసి సిద్ధంగా ఉంది. పున్నమి దాటగానే చాపాలి. ఆలోగా కుక్క మాట వినాలి, లేదా బండి ఎక్కాలి.

అక్క చెయ్యి కుక్క మెడ మీద ఉంది. పెద్దాయన పోయేదాకా తియ్యలేదు.

మర్నాటి నుంచి బావ కుక్కకు పిలిస్తే రావడం నేర్పడం మొదలుపెట్టాడు. అంటే వీధి మొగన నిలబడి అరవడం మొదలుపెట్టాడు. "సుక్కా! రా! ఏయ్, రాంటే! నీయవ్వ, యాడికి పోతాండావు?" కుక్క దూరంగా నిలబడి, ముందుకాళ్లు చాపి, తోక ఊపేది. ఆయన ఒకడుగు వేస్తే అది పది అడుగులు వేసేది. వీధి అరుగుల మీద జనం కూర్చుని చూసేవాళ్లు.

"ఏమప్పా, కుక్కకు నేర్పుతాండావా, అది నీకు పరుగు నేర్పుతాండాదా?"

"నువ్వే కొంచెం తోక ఊపి సూడు, వస్తాదేమో!"

ఇంటికి వచ్చాక ఆ కోపం మా మీద పడేది. అక్క రాట్నం తిప్పుతూ నాతో అంది. "పిలిస్తే తాడు, వస్తే దెబ్బ. నేనే పోను, అదెందుకొస్తాది."

ఒక మధ్యాహ్నం అక్క పక్కింటికి పోయింది. మా ఆయన రంగుల పని మీద బయట ఉన్నాడు. బావ రొప్పుతూ వచ్చి మగ్గం గది గడప మీద కూలబడ్డాడు. ఆయన కంటే ముందే ఇల్లు చేరిన కుక్క వంటింటి ముందు తొట్టిలో నీళ్లు తాగుతున్నది. నేను తలుపు చాటున ఉన్నాను. మా ఇద్దరి మధ్యా కుక్క ఒక్కటే ఉంది. ఆనాడు నేను గోడతో కాకుండా దానితో మాట్లాడాను.

"ఏం సుక్కా, పిలిస్తే రావంట? వచ్చినప్పుడల్లా దెబ్బ పడితే ఎట్లొస్తావులే."

అటువైపు రొప్పు మధ్య ఒక దగ్గు వినపడింది.

"సుక్కా" అన్నాడు ఆయన. "హిందూపురమోళ్లకు మాటలు బాగా వచ్చు. ఎట్ల పిలవాల్నో అడుగు."

"పోగు తెగినప్పుడు పిలుస్తారు గదా సుక్కా. అట్ల పిలిస్తే నువ్వు రాకుండా ఉంటావా?"

"పోగును నేనెప్పుడు పిలిచినా?" అన్నాడు. కుక్కను అడగడం కూడా మరిచిపోయాడు. "ఎవురు చెప్పినారు?"

నాకు అప్పుడు అర్థమైంది. ఆ మాటలు తన నోట్లోంచి వస్తాయని ఆయనకు తెలియదు. ఇన్నేళ్లూ మనసులో అనుకుంటున్నానే అనుకున్నాడు.

"గూటికి రెండు పక్కలుండాయి సుక్కా" అన్నాను.

ఆయన లేచి వెళ్లిపోయాడు. కుక్క నావైపు ఒకసారి, ఆయన పోయినవైపు ఒకసారి చూసి మళ్లీ నీళ్లు తాగింది. ఆయనతో నేను జరిపిన పెద్ద సంభాషణ అదే. మర్నాడు చూస్తే గూట్లో అటువైపు నుంచి పాత గుడ్డ కుక్కి ఉంది.

గుడ్డ కొన్నాళ్లే ఉంది. గాలి ఆడక ఆయనే తీసేశాడు.

పోగును పిలిచినట్టు కుక్కను పిలవాలని ఆయన ప్రయత్నం చేశాడు గానీ, తెలిశాక ఆ గొంతు రాలేదు. వీధిలో నిలబడి "రా తల్లీ!" అని గర్జించాడు. పక్కింటి ముసలామె తననే అనుకుని బయటికి వచ్చింది. అక్కా నేనూ నవ్వు ఆపుకోలేక బావి దగ్గరికి పోయాం.

తర్వాత ఆయన ఒక పని చేశాడు. నేను చెప్పింది కాదు, ఎవరు చెప్పిందీ కాదు. కుక్కను మగ్గం గదిలోకి రానిచ్చాడు. నేతవాడు ఎవడూ చెయ్యడు ఆ పని. పోగుల కింద చల్లటి నేల మీద అది పడుకుంది. ఆయన గుంటలో కూర్చుని తన పని తాను చేసుకున్నాడు. పోగు తెగినప్పుడు వేళ్లు వెతకసాగాయి, గొంతు దానంతట అదే వచ్చింది. "రా తల్లీ, రా. ఏం గాలేదులే." పోగుల కింద కుక్క తల ఎత్తింది. అరుపుల్లో ఎన్నడూ వినని మాటలు. అది పొట్ట నేలకు ఆనించి, పైన ఒక్క దారానికీ వీపు తగలకుండా జరుగుతూ ఆయన మోకాలి దగ్గరికి వచ్చింది. ఆయన సంగటి ముద్దలోంచి ఒక పిసరు తీసి పెట్టాడు. తాడు వెయ్యలేదు. అది తిని మళ్లీ తన చోటికి పోయింది. ఇదంతా నేను గూట్లోంచి చూశాను.

ఆ వారం మా ఆయన అన్నాడు. "మా అన్న మగ్గం మీద పోగులు మా చెడ్డగా తెగుతాండాయి. పట్టు బాగలేదేమో."

"పట్టు బాగానే ఉండాది" అంది అక్క నాతో. "ఆయప్పే తెంపుతాండాడు. లేకుంటే గొంతు రాదు గదా."

మగ్గం గదిలోంచి నడవలోకి, నడవలోంచి అరుగు మీదికి, అక్కడినుంచి వీధిలోకి ఆ పిలుపు మెల్లగా పోయింది. చిత్రావతి ఏటి ఇసుకలో కూడా పిలిచి చూశాడట. ఇంట్లో ఒక కట్టడి పెట్టాడు. సుక్కా అన్న పేరు ఎవరూ ఎత్తకూడదు. వస్తే కట్టకూడదు. కట్టాల్సి వస్తే పిలవకుండా మనమే పోయి కట్టాలి. ఈ కట్టడి చెప్పేటప్పుడు మాత్రం ఇల్లెగిరిపోయేట్టు అరిచాడు.

వీధి ఊరుకోలేదు. "ఏమబ్బా, కుక్కను తల్లీ అంటాండావే, అది మగది గదా!"

"పోనీలేప్పా, ఎవురినో ఒకరిని మంచిగా పిలుస్తాండాడు. పిలవనీ."

ఒకసారి మధ్యలో చెడింది. హిందూపురం షాహుకారు చీరల అంచు బాగలేదని వెనక్కి పంపాడు. బావ ఆ కోపంతో రైలు దిగి వచ్చాడు. కుక్క మీదికి ఎగిరింది. "రా తల్లీ" అని పిలిచి, వచ్చినదాన్ని తన్నాడు. తన్నడానికి ఆ మాటలనే వాడుకున్నాడు. కుక్క మగ్గం గదిలోకి రావడం మానేసింది. ఆయన గుంటలో కూర్చుని, సంగటి ముద్ద పక్కన పెట్టుకుని, ఊరికే కూర్చున్నాడు. నేత బిగించే మగ్గం పలక చప్పుడు లేకపోతే ఆ ఇల్లు ఎవరిదో అన్నట్టు ఉండేది. తప్పయిందని ఆయన మనిషితో అనగా నేను వినలేదు, కుక్కతోనూ వినలేదు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. అప్పటికి చంద్రుడు సగానికి పైగా పెరిగాడు.

పున్నమి దాటింది. పడుగు చాపే పొద్దున పెద్దాయన ముందుగా వచ్చాడు. ఆయన వచ్చాడు గనుక మిగతావాళ్లూ వచ్చారు. సహాయానికి కొందరు, చూడడానికి కొందరు. కుక్కను కట్టలేదు. అదే షరతు. నేనూ అక్కా తలుపు చాటున ఉన్నాం. అక్క ఆ పూట రాట్నం ముట్టుకోలేదు.

పడుగు బిగించారు. ఈ కొసన బావ రెండు చేతులా బిగబట్టి నిలబడ్డాడు. వదిలితే పోగులన్నీ కుప్ప. గంజి చల్లుతున్నారు. అప్పుడు ఆ కొస నుంచి చాకలి గాడిద ఒకటి మూటలతో వచ్చింది. సుక్కడు దాని చుట్టూ గిరగిరా తిరుగుతూ మొరిగింది. గాడిద బెదిరి పడుగు వైపు మొగ్గింది.

అందరూ ఒకేసారి అరిచారు. "సుక్కా! సుక్కా! ఏయ్!" కుక్కకు పాత ఆట గుర్తుకొచ్చింది. ముందుకాళ్లు చాపింది. బావ భుజాలు ఊపిరితో పైకి లేవడం నేను వెనక నుంచి చూశాను. ఆ నోట్లోంచి ఏది వస్తుందో నాకు తెలుసు. అక్కకూ తెలుసు. ఆమె కళ్లు మూసుకుంది.

ఆయన పిలిచాడు. దవడ కదిలింది గానీ ఏమీ వినపడలేదు. అది మెత్తటి గొంతు. వీధి పొడుగు పోయే గొంతు కాదది. దాని మీద ఇరవై గొంతులు కేకలు వేస్తున్నాయి.

ఆయన మళ్లీ పిలిచాడు. గొంతు పెంచలేదు. ఇంతకాలం నేను విన్న మనిషి గొంతు పెంచకపోవడం నాకు ఇప్పటికీ స్పష్టంగా గుర్తుంది.

పెద్దాయన అది చూశాడు. చేతిలో గంజి చెంబు పట్టుకునే అటు తిరిగి, "నోర్లు మూయండ్రా!" అన్నాడు. "ఆయప్ప పిలుస్తాండాడు. ఇననీండి."

వీధి ఊరుకుంది. ఎవరో లోపల మగ్గం మీద ఉన్నవాడు కూడా పలక ఆపాడు. అప్పుడు వినపడింది.

"రా తల్లీ, రా. ఇట్ల రా. ఏం గాలేదులే."

కుక్క చెవులు నిక్కించింది. గాడిదను వదిలింది. గోడవారగా వస్తుందని అందరం అనుకున్నాం. అది రాలేదు. మగ్గం గదిలో నేర్చుకున్న దారినే వచ్చింది. తల వంచి పడుగు కిందికి దూరింది. ఎవరో "అయిపాయె" అన్నారు. పొట్ట నేలకు ఆనించి, తోక కిందికి దించి, కర్రల మధ్యగా, పట్టు కింద ఆ కొస నుంచి ఈ కొస దాకా జరిగి వచ్చింది. ఒక్క పోగు కదలలేదు. బావ మోకాలి దగ్గర తల పెట్టింది. ఆయన చేతులు ఖాళీగా లేవు గనుక ఏమీ పెట్టలేకపోయాడు. "ఏం గాలేదులే" అని మాత్రం ఇంకోసారి అన్నాడు.

పెద్దాయన చెంబు కింద పెట్టాడు. "సరేప్పా, ఉండనీ" అన్నాడు. "మా పడుగు చాపినప్పుడూ నువ్వొచ్చి పిలవాల. మాకా గొంతు లేదు."

ఆ సాయంత్రం అక్క రాట్నం ముందు కూర్చుంది. కుక్క ఆమె పక్కన పడుకుంది. అరుగు మీద నుంచి బావ పిలిచాడు.

"ఏయ్! యాడ సచ్చినావు?"

"వస్తాండా" అంది అక్క, కదలకుండా. కండె తిరుగుతూనే ఉంది. తర్వాత నాతో మెల్లగా అంది. "నన్ను గూడా ఒక్కసారి కుక్కను పిల్చినట్ల పిలిస్తే ఏం పోతాదో పాపా, ఈయప్పకు?"

ఇద్దరం నవ్వాం. ఆమె కండె పూర్తి చేసి, దారం తుంచి లేచింది. ఈ మాట ఆయనకు చెప్పాలని నాకు అనిపించింది. కుక్క ఉంది, గోడ ఉంది. కానీ అది ఆమె మాట. చేరాలంటే ఆమె నోటి నుంచే చేరాలి. ఆమె చెప్పలేదు.

చనిపోయినవాళ్లను పుస్తకాల్లో చివరికి మార్చేస్తారు. బావ మారలేదు. యుద్ధం రోజుల్లో పట్టు దొరక్క మగ్గం నెలల తరబడి ఊరికే ఉండేది. పోగులు లేవు గనుక ఆ గొంతు కుక్క కోసం మాత్రమే మిగిలింది. కుక్క ముసలిదై పోయాక దాన్ని చిత్రావతి గట్టున పూడ్చి వచ్చాడు. ఇంకో పిల్లను తెమ్మని ఎవరో అంటే కసిరాడు. ఆ తర్వాత ఆ గొంతు నేను వినలేదు. తిట్లు మాత్రం తగ్గలేదు. అక్క "వస్తాండా" అంటూనే ఉంది, చేతిలో పని ముగించి లేస్తూనే ఉంది.

మొన్న ఆఖరి జ్వరంలో ఆయన మంచం మగ్గం గదిలో వేశారు, చల్లగా ఉంటుందని. మా ఆయనా పెద్దాయనా పక్కన కూర్చున్నారు. వంటింట్లో అక్క జొన్నరొట్టెలు తడుతున్నది, నేను పొయ్యి దగ్గర ఉన్నాను. పెనం మీద ఒక రొట్టె ఉంది. అక్క చేతిలో ఇంకొకటి సగం ఉంది.

గూట్లోంచి వినపడింది.

"రా తల్లీ. రా. ఏం గాలేదులే."

"కుక్కను పిలుస్తాండాడు" అన్నాడు మా ఆయన అటువైపు.

"కాదప్పా. పోగు" అన్నాడు పెద్దాయన.

అక్క లేచింది. సగం తట్టిన రొట్టె పీట మీద అట్లే ఉంది. చేతుల నిండా పిండి.

"అక్కా, చెయ్యి కడుక్కోని పో. జ్వరం మాటలవి. నిన్ను కాదేమో" అన్నాను.

"నన్ను కాదని నాకు తెలీదా పాపా? పెండ్లాన్ని తల్లీ అని ఎవడన్నా పిలుస్తాడా?" అంది. అప్పటికే గడప దాటుతున్నది. "ఎవురినైతేనేం. పిలిచినాడు గదా."

గూట్లోంచి మంచం కిర్రుమనడం వినపడింది. తర్వాత అక్క గొంతు.

"వచ్చినా" అంది.

పెనం మీద రొట్టె మాడుతుంటే నేను దించాను.